బోర్లా పడుకుని బిగించిన ఇంజన్

మా ఆయన ఆ కారును ఇండియానాలో ఒక మొక్కజొన్న రైతు దగ్గర కొని, ట్రైలర్ మీద వేయించుకుని అరోరాలోని మా ఇంటికి తెచ్చిన రోజు నేను డ్యూటీలో ఉన్నాను. సాయంత్రం వచ్చి చూస్తే గరాజ్‌లో నా కారు ఉండాల్సిన చోట, వెడల్పాటి ముక్కుతో, వెలిసిపోయిన ఆకుపచ్చ రంగుతో, రెండు తలుపుల పాత కారు ఒకటి నిలబడి ఉంది. ముందు టైర్లలో గాలి లేదు. వెనక సీటు చింపి ఎలుకలు కాపురం చేసిన ఆనవాళ్ళున్నాయి. ఆయన దాని పక్కన నిలబడి, పెళ్ళిచూపుల్లో పిల్లను చూపించే మేనమామలాగా, "ఎట్లుంది?" అని అడిగారు.

నడుస్తుందా అని అడిగాను. ఇంజన్ బిగుసుకుపోయిందట. బిగుసుకుపోయింది కాబట్టే మనకు దొరికిందట. ఆ సంతోషం నాకు అర్థం కాలేదు. నా కారు ఇక చలికాలమంతా మంచులో ఉండాలన్న సంగతి మాత్రం బాగా అర్థమైంది.

మాది తెనాలి వైపు, ఆయనది వరంగల్. నేను నేపర్‌విల్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తాను. ఆపరేషన్‌లో తీసిన కండ ముక్కలను మైనంలో పోతపోసి, వెంట్రుక కన్నా చాలా పల్చగా కోసి, గాజు పలక మీద పరచడం నా పని. ఆయన ఇంట్లో కూర్చుని ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి డేటాబేస్‌లు చూస్తారు. ఆయన చదువుకోవడానికి ఈ దేశం వచ్చిన మొదటి చలికాలంలో, బస్సు రాని ఒక మంచు రోజున, యూనివర్సిటీ వర్క్‌షాప్‌లో పనిచేసే ఒకాయన తన కారులో రూమ్ దగ్గర దింపాడట. ఇలాంటి కారే. చిన్న కారులో ఎనిమిది సిలిండర్ల పెద్ద వీ-ఎయిట్ ఇంజన్ పెట్టి, ఒకప్పుడు ఇక్కడి కుర్రకారు కోసం తయారుచేసిన రకం. మజిల్ కార్ అంటారు. సీటు కింద నుంచి ఆ ఇంజన్ చప్పుడు వెన్నులోకి ఎక్కిందని ఆయన చెబుతారు. పెళ్ళయిన కొత్తలో విన్నాను, మా అమ్మాయి పుట్టాక విన్నాను, రోడ్డు మీద అలాంటి కారు కనిపించినప్పుడల్లా విన్నాను. ఎప్పటికైనా ఒకటి కొంటారని మాత్రం అనుకోలేదు.

కారు కొన్న ఆ మొదటి చలికాలం దాని మీద ఆయన ఒక్కరే పనిచేశారు. ఇంజన్ దించారు, విప్పారు. సిలిండర్లుండే ఇనప దిమ్మ, బ్లాక్‌ను మా ఊరికి పడమట పొలాల మధ్య ఉన్న ఒక మెషీన్ షాప్‌కి పంపి సిలిండర్లు కొంచెం పెద్దవి చేయించారు. కొత్త పిస్టన్‌లు వచ్చాయి. ఆఫీసు మీటింగ్‌లో మాట్లాడుతూనే టేబుల్ కింద వాల్వ్ తుడుస్తూ ఉండేవారు. అంట్లు కడిగే సింక్‌లో ఒకరోజు కార్బ్యురేటర్ కనిపిస్తే, ఇంట్లో ఉండాల్సింది అదో నేనో తేల్చుకోమన్నాను. ఆయన నవ్వి దాన్ని బట్టలుతికే గదిలోకి మార్చారు.

ఆ రోజుల్లోనే మాకు కామ్‌షాఫ్ట్ మీద వాదన వచ్చింది. వాల్వ్‌లు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు తెరుచుకుని ఉండాలో నిర్ణయించే ఇనప కడ్డీ అది. ఇంజన్ స్వభావం అంతా దాంట్లోనే ఉంటుంది. ఆయన ఎంచుకున్నది అచ్చంగా రేస్ కోసం చేసినది. క్వార్టర్ మైల్ స్ట్రిప్ మీద, అంటే పావు మైలు తిన్నటి రేస్ రోడ్డు మీద, పైస్పీడులో బాగా లాగుతుంది. కానీ సిగ్నల్ దగ్గర ఆగితే ఎగశ్వాస పెడుతుంది, బ్రేకులకు కావాల్సిన వాక్యూమ్ కూడా సరిగా ఇవ్వదు. ఇవన్నీ నాకు ఆయన చెప్పినవే. చెప్పి, అయినా అదే పెడతానన్నారు. రోడ్డు మీద నడపనప్పుడు కారు ఎందుకని నేనడిగాను. రోడ్డు మీద నడపడానికి నీ కారుందిగా అన్నారు.

వసంతంలో ఇంజన్ కారులోకి ఎక్కింది. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు మా వీధిలో కుక్కలన్నీ మొరిగాయి. అలాంటి కామ్‌షాఫ్ట్‌ను మొదటి ఇరవై నిమిషాలు ఎక్కువ స్పీడులోనే తిప్పాలట. దాని మిట్టలూ, వాటి మీద రాసుకునే లిఫ్టర్లూ ఆ కాసేపట్లోనే ఒకదానికొకటి అలవాటు పడాలి. ఆయన ముఖం చెమటతో, పొగతో మెరిసిపోయింది. అంత సంతోషంగా ఆయన్ని నేను మా అమ్మాయి పుట్టినప్పుడే చూశాను.

కొద్దిరోజులకే ఇంజన్‌లో టిక్కుటిక్కుమని ఒక చప్పుడు మొదలైంది. ఆయన ఆయిల్ ఫిల్టర్ విప్పి, డబ్బా కోసి, లోపలి కాగితం మడతలు తెరిచి చూశారు. నన్ను పిలవలేదు. నేనే టీ తీసుకుని వెళ్ళాను. ఆ మడతల్లో ఆయిల్ అంతా అభ్రకం పొడి చల్లినట్టు మెరుస్తోంది. అదేమిటని అడిగితే, "ఇంజన్" అన్నారు.

కామ్‌షాఫ్ట్ మిట్టలు రెండు అరిగి నున్నగా అయిపోయాయి. పెట్టిన వాల్వ్ స్ప్రింగులు మరీ గట్టివి. మొదటిసారి తిప్పేటప్పుడు జంట స్ప్రింగుల్లో లోపలివి తీసేసి తిప్పాల్సిందట. ఆ పొడి ఆయిల్‌తో పాటు ఇంజన్ మొత్తం తిరిగి బేరింగులన్నీ గీరేసింది. చలికాలమంతా పడ్డ కష్టం అలా పోయింది.

ఆయన ఎవరి మీదా విసుక్కోలేదు. కారు మీద టార్పాలిన్ కప్పారు. ఆ వేసవి అంతా గరాజ్ తలుపు తీయకుండా ముందు గుమ్మంలోంచే తిరిగారు. క్రికెట్ మ్యాచ్ పెట్టుకుని సౌండ్ తీసేసి చూసేవారు. దాన్ని అమ్మేద్దామా అని నన్నడిగినప్పుడు, చాలా రోజులుగా నేను ఎదురుచూసిన మాట అది, నా నోట్లోంచి వద్దు అనే వచ్చింది. ఎందుకు వద్దన్నానో అప్పుడు ఆలోచించలేదు. ఆ మనిషి గరాజ్‌లోంచి వంటింట్లోకి వచ్చేటప్పుడు ఏదో చెప్పాలని వచ్చేవారు. ఇప్పుడు మంచినీళ్ళ కోసం వస్తున్నారు. ఆ తేడా నాకు తట్టుకోలేనంతగా ఉంది.

"మళ్ళీ దించండి," అన్నాను. "కానీ ఈసారి నేను కూడా నడిపే కారు కావాలి. స్టాప్ సైన్ దగ్గర ఆగాలి. మామూలు గ్యాస్ స్టేషన్‌లో కొట్టించుకునే పెట్రోల్‌తో నడవాలి. గుడికి వెళ్ళి రావాలి. రేస్‌కి కూడా వెళ్ళండి, నేను కాదనను."

ఆయన నా వైపు తిరిగి, రోలర్ కామ్‌షాఫ్ట్ పెడదామన్నారు. దాని లిఫ్టర్లకు అడుగున చిన్న చక్రాలుంటాయి. రాసుకోవడం ఉండదు, దొర్లుతాయి. మొదటి ఇరవై నిమిషాల గండం కూడా ఉండదు. కొంచెం మెత్తనిది ఎంచుకుంటే రెండు పనులకూ సరిపోతుందట. అప్పుడే లేచి వెళ్ళి టార్పాలిన్ తీశారు.

బ్లాక్, దాంట్లో పిస్టన్‌లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ మళ్ళీ మెషీన్ షాప్‌కి వెళ్ళాయి. అక్కడి పెద్దాయన క్రాంక్‌ను పాలిష్ చేస్తే చాలన్నాడు. అన్నీ ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, ఆయిల్ రాసి ఇచ్చాడు. వాటిని తెచ్చుకున్న వారంలోనే మా ఆయన ఉదయం అద్దం ముందు నిలబడి, ఎడమ కన్ను మూలన నల్ల తెర దిగుతున్నట్టుందన్నారు. నేను ఆసుపత్రి మనిషిని. షిఫ్ట్‌కి ఫోన్ చేసి రానని చెప్పి, ఆయన్ని బండెక్కించాను.

రెటీనా ఊడింది. ఆ మర్నాడే సర్జరీ చేశారు. కంట్లో ఒక గ్యాస్ బుడగ పెట్టారు. ఆ బుడగ పైకి తేలి రెటీనాను నొక్కిపట్టాలంటే, ముఖం నేలకేసి ఉంచాలి. కూర్చున్నా, పడుకున్నా, తిన్నా ముఖం కిందికే. వారం దాకా అంతే అన్నాడు డాక్టర్. ఆ తర్వాత కూడా బుడగ కరిగేవరకు డ్రైవింగ్ వద్దన్నాడు.

ఇలాంటి వాళ్ళ కోసం అద్దెకు దొరికే కుర్చీ ఒకటి తెప్పించాము. ముందుకు వాలి కూర్చుంటే ముఖం పట్టేంత కన్నం ఉంటుంది. పక్కనే ముఖం కన్నం ఉన్న బల్ల కూడా ఒకటి. వాటిని గరాజ్ తలుపు పక్కనున్న గదిలో వేశాము.  మొదటి రోజు మా అమ్మాయి తనుండే షాంటిలీ నుంచి వీడియో కాల్ చేస్తే నేను ఫోన్ పట్టుకుని నేల మీద వెల్లకిలా పడుకుని పైకి చూపించాను. అమ్మాయికి నాన్న ముఖం తలకిందులుగా కనిపించింది. నవ్వబోయి ఏడ్చింది. "నాన్నా, నువ్వు ఓకేనా? పెయిన్ ఉందా?" అని అదే మళ్ళీ మళ్ళీ అడిగింది. నొప్పి లేదు బిడ్డా, బోర్ కొడుతుంది అంతే అన్నారు ఆయన.

రెండో రోజు ఉదయం ఉప్మా గిన్నె ఆయన ముఖం కింద నేల మీద పెడితే, సగం తిని పక్కకు తోశారు. కన్ను పోతే ఎట్లా అన్నారు, నేలతో అన్నట్టు.  నాకు తోచిన మాట ఒక్కటే అడిగాను.

"ఇంజన్‌కి ముందు చేయాల్సిన పని ఏంటి?"

"కడగాలె," అన్నారు. "షాపాయన కడిగిండు గని, మల్ల మనం కడగాలె. ఆయిల్ పోయే దార్లల్ల బ్రష్ పెట్టి తోమాలె. సబ్బునీళ్ళతోని."

గరాజ్ తలుపు బార్లా తెరిచి పెట్టాను. వేడినీళ్ళు పెట్టి, సబ్బు వేసి, సన్నటి బ్రష్‌లతో ఆ బ్లాక్‌లోని కన్నాలన్నీ తోమాను. తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉండాలని లోపలి నుంచి చెబుతున్నారు. గుడ్డ తెచ్చి ఆయన ముఖం కింద పరిచాను. మంచి కంటితో చూసి ఇంకోసారి అన్నారు. ఆ ఇంకోసారి అనడంలో పాత గొంతు వినిపించింది.

అలా మొదలైంది. నేను సెలవు పెట్టిన ఆ వారమంతా ఆయన నేలను చూస్తూ చెప్పడం, నేను గరాజ్‌లో చేయడం. బేరింగులకూ క్రాంక్‌షాఫ్ట్‌కూ మధ్య ఆయిల్ పట్టే సందు ఎంతుందో చూడాలి. దానికి దారంలాంటి మెత్తటి ప్లాస్టిక్ పోగు ఒకటి ఉంటుంది. ఆ పోగును క్రాంక్ మీద పెట్టి, పైన బేరింగ్ మూత బిగించి, మళ్ళీ విప్పి, నలిగిన పోగు వెడల్పును కాగితం మీది గీతలతో పోల్చి చూడాలి. అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. ఆయన ఆ కొలతలు చెప్పేటప్పుడు జాగ్రత్త జాగ్రత్త అని భయపెడుతున్నారు. నేను రోజూ అంతకన్నా పల్చటి ముక్కలు కోస్తానని గుర్తుచేశాను. ఆయన నవ్వితే ఆ కుర్చీ కదిలింది.

బోల్ట్ బిగువు సరిపోయిందని టార్క్ రెంచ్ టిక్కుమన్నప్పుడల్లా ఆయన లోపల వింటున్నారు. ఒకసారి రెండు టిక్కులు వినిపిస్తే ఎక్కువ లాగినవని పట్టేసుకున్నారు. సరిగానే లాగానని వాదించాను, కానీ విప్పి మళ్ళీ బిగించాను. నాకు చిరాకు వచ్చింది, ఆ చిరాకు కూడా హాయిగానే ఉంది. మేమిద్దరం అన్నాళ్ళ తర్వాత ఒకే పని మీద పోట్లాడుకుంటున్నాము.

పిస్టన్‌లు దించిన రోజు నాకు బాగా గుర్తుంది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులను ఒక ఇనప పట్టీతో దగ్గరికి నొక్కి, సిలిండర్ మీద పెట్టి, సుత్తి పిడితో మెల్లగా తట్టి లోపలికి దించాలి. రింగుల సందులన్నీ అంతకుముందే ఆకురాయితో రాకి సరిచేశాను. మొదటి రెండు పిస్టన్‌లు జారినట్టు దిగాయి. మూడోది తడుతుంటే చప్పుడు కొంచెం మారింది. నాకది తెలియలేదు. ఇంకో దెబ్బకి చెయ్యెత్తాను.

"ఆగు." లోపలి నుంచి అరవకుండానే గట్టిగా అన్నారు. "ఆగు, కొట్టకు. ఆ సౌండ్ మంచిగ లేదు. తీసెయ్."

పట్టీ విప్పి చూస్తే ఒక రింగ్ అంచు సిలిండర్ పెదవి మీద ఆనుకుని బయటికి వచ్చి ఉంది. ఆ దెబ్బ వేసి ఉంటే రింగ్ విరిగేది, కొత్తగా తీర్చిన గోడ గీరుకుపోయేది.  సుత్తి పక్కన పెట్టి లోపలికి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాను. ముఖం కనపడదు కాబట్టి, ఆ రోజుల్లో మేము అన్నీ చేతులతోనే చెప్పుకున్నాము.

"ఎట్ల తెలిసింది మీకు?" అని అడిగాను, ఆయన యాసలోనే.

"చూడనికి ఏం లేదు గద. ఇంటున్న అంతే."

వాల్వ్‌లు పిస్టన్‌లకు తగలకుండా ఉంటాయో లేదో చూడటానికి ఒక పాత పద్ధతి ఉంది. పిస్టన్ నెత్తిన మెత్తటి మట్టిముద్ద పెట్టి, పైన సిలిండర్లకు మూతలాంటి హెడ్ బిగించి, ఇంజన్‌ను చేత్తో తిప్పి, విప్పి చూస్తే వాల్వ్ ఎంత లోతు దిగిందో మట్టి మీద ముద్ర పడుతుంది. అక్కడ కోసి మందం చూడాలి. మా అమ్మాయి చిన్నప్పుడు ఆడుకున్న రంగుమట్టి డబ్బా అటక మీద దొరికింది, గట్టిపడిపోయింది. వెళ్ళి కొత్తది కొన్నాను. ముద్ర పడ్డాక ల్యాబ్‌లో వాడేలాంటి పల్చటి బ్లేడుతో కోసి, ఆ ముక్కను గాజు పలక మీద పెట్టి, కుర్చీ కింద వెల్లకిలా దూరి ఆయన కంటికి చూపించాను. నీలి రంగు మట్టి. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. నేను అప్పుడు చూసింది ఆయన ముఖం. వాచిపోయి, చెంపల మీద కుర్చీ గుర్తులతో ఉంది. సందు బాగానే ఉంది, సరిపోతుంది అన్నారు. అంత కష్టంలోనూ ఆ కన్ను మెరిసింది.

ముఖం ఎత్తొచ్చని డాక్టర్ చెప్పిన రోజు ఆయన ఇంటికి రాగానే సరాసరి గరాజ్‌లోకి వెళ్ళారు. స్టాండ్ మీద ఇంజన్ దాదాపు పూర్తయి ఉంది. దాని చుట్టూ ఒకసారి తిరిగి, చేత్తో తడిమి, ఒక బోల్ట్ మీద వేలు ఆనించి నా వైపు చూశారు. బిగించాను, రంగు పెన్‌తో గుర్తు కూడా పెట్టాను అన్నాను. ఆయన నా నుదుటి మీద అంటిన మరకను తన చొక్కాతో తుడిచారు.

మిగతా పని ఇద్దరం కలిసి చేశాము. ఎక్కించాక స్టార్ట్ చేసింది ఆయనే. తాళం తిప్పగానే రెండుసార్లు దగ్గి అందుకుంది. మొదటిసారి ఇంజన్‌కున్న ఎగశ్వాస లేదు. లోతుగా, కొంచెం తడబడుతూ, అయినా నిలకడగా తిరుగుతోంది. వారం తర్వాత ఫిల్టర్ కోశాము. ఈసారి ఇద్దరం కలిసి చూశాము. కాగితం మడతల్లో ఆయిల్ తప్ప ఏమీ లేదు.

బుడగ కరిగిపోయినా ఎడమ కంటికి గీతలు వంకరగానే కనిపించేవి. రోడ్డు మీద నడపొచ్చు గానీ, రేస్ వద్దని డాక్టర్ అన్నాడు. శరదృతువు వచ్చేసింది, స్ట్రిప్ మూసేసే రోజులు దగ్గర పడ్డాయి. ఎవరైనా డబ్బు కట్టి తమ కారును క్వార్టర్ మైల్ పరిగెత్తించుకునే సాయంత్రాలు అక్కడ ఉంటాయి. నేను నడుపుతానన్నాను. అమ్మాయికి ఫోన్‌లో చెబితే, "అమ్మా, నువ్వు మినీవాన్‌లో కూడా స్లోగా వెళ్తావు కదా," అంది. నిజమే. కానీ ఆ ఇంజన్‌లో ఏ నట్టు ఎంత బిగించి ఉందో నాకు తెలుసు. నాకున్న ధైర్యం అదొక్కటే.

ఆ సాయంత్రం ముడి మీద హెల్మెట్ పట్టక జడ వేసుకున్నాను. ఆయన పొడుగు చేతుల కాటన్ చొక్కా తొడుక్కున్నాను. ముందు నీళ్ళ గుంటలో టైర్లు తిప్పి వేడి చేయాలి. పొగ లేచింది. గీత దగ్గరికి వచ్చి ఆగాను. స్తంభం మీద పసుపు లైట్లు దిగాయి, పచ్చది వెలిగింది. పక్క లైన్లో నాతో పోటీకి నిలిచిన పికప్ ట్రక్ వాడు వెళ్ళిపోయాడు. నేను ఇంకా లైటునే చూస్తున్నాను. తర్వాత తొక్కాను. సీటు నన్ను వెనక్కి లాగింది, కారు ముక్కు పైకి లేచింది. భయపడ్డానో లేదో గుర్తులేదు. గేరు దానంతట అదే మారినప్పుడల్లా ఇంజన్ గొంతు మారడం మాత్రం గుర్తుంది. పికప్ వాడు ఎప్పుడో గెలిచేశాడు. నేను గీత దాటి, నవ్వుతూనే ఉన్నాను, ఆపుకోలేక.

అక్కడిచ్చిన టైము కాగితం చూసి ఆయన మెచ్చుకున్నారు. నిద్రపోయినట్టు గీత దగ్గర ఆగిన సమయం తీసేస్తే కారు పదమూడు సెకన్లలో దాటిందట. రెండోసారి లైటు దగ్గర నిద్రపోలేదు. ఇంకెవరో చిన్న కారు అమ్మాయిని దాటాను కూడా. పికప్ అతను మా దగ్గరికి వచ్చి బానెట్ ఎత్తమని, ఇంజన్ ఎవరు బిల్డ్ చేశారని ఆయన్ని ఇంగ్లిష్‌లో అడిగాడు. ఆమెనడగండి, అప్పుడు నేను పడుకుని ఉన్నాను అని ఆయన చెప్పారు. అతనికి అర్థం కాలేదు. చెప్పడానికి చాలా సమయం పట్టేది, అందుకని మా పులిహోర డబ్బా తెరిచి అతనికి కూడా పెట్టాము. కారంగా ఉందని చెబుతూనే రెండోసారి పెట్టించుకున్నాడు.

ఈ ఏడు డాక్టర్ ఒప్పుకున్నాడు. ఆయన హెల్మెట్ పెట్టుకుని మొదటిసారి తనే నడిపారు. నేను కంచె దగ్గర నిలబడ్డాను. నా కన్నా వేగంగానే వెళ్ళారు. తిరిగి వచ్చి, తాళం నా చేతిలో పెట్టి, లోపల కూర్చుంటే చప్పుడు సరిగా వినబడదన్నారు.

"నువ్వే నడుపు. నేను ఈడ నిలబడి వింట. ఏదన్న తేడా ఉంటే బయట్నుంచే తెలుస్తది."

అప్పటి నుంచి ఎక్కువగా నేనే నడుపుతున్నాను. ఆయన గీత పక్కన కళ్ళు మూసుకుని నిలబడతారు. నేను వచ్చాక కార్బ్యురేటర్‌లో ఏదో ఒకటి కొంచెం తిప్పుతారు. ఆదివారాలు ఇద్దరం ఆ కారులోనే గుడికి వెళ్తాము. పార్కింగ్‌లో పిల్లలు అంకుల్, ఒకసారి స్టార్ట్ చేయండి అని అడుగుతారు. లోపల పంతులుగారికి వినిపిస్తుందని నేను చెయ్యి పట్టుకుని ఆపుతాను.

పోయిన శనివారం స్ట్రిప్ దగ్గర మా వంతు రాకముందే వాన మొదలై అన్నీ ఆపేశారు. తిరుగు దారిలో ఆయన నడిపారు. ఆ కారు వైపర్‌లు మహా నెమ్మది, అద్దం లోపల ఆవిరి పట్టింది. నేను తువ్వాలుతో ఆయన ముందు అద్దం తుడుస్తూ, ఎడమ వైపు ట్రక్ వస్తోంది, ఇప్పుడు లేదు, ఇప్పుడు మారండి అని చెబుతూ వచ్చాను. మొక్కజొన్న చేల మధ్య రోడ్డంతా నీళ్ళే. ఇంటికి చేరేసరికి తలుపు సందుల్లోంచి నీళ్ళు కారి ఇద్దరి మోకాళ్ళూ తడిసిపోయాయి, తలుపు రబ్బర్లు మార్చాలని అప్పుడు తెలిసింది.